ఈ గోడల మీద మనకూ చోటుంది

సెలవు దినాన మన కుటుంబాలు ఎక్కడికి వెళ్తాయి? జూపార్కుకు వెళ్తాయి, ట్యాంక్‌బండ్ మీదికి వెళ్తాయి. చేతిలో కాస్త డబ్బు ఆడేవారు కొత్తగా తెరిచిన మాల్‌కు వెళ్ళి, కదిలే మెట్ల పక్కన నిలబడి ఫోటోలు దిగి, ఏమీ కొనకుండా తిరిగి వస్తారు. జియారత్‌కని దర్గాల బాట పట్టే కుటుంబాలూ ఉన్నాయి. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే ఒక చిత్రకళా ప్రదర్శన చూడడానికే పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరిన ముస్లిం కుటుంబం మీ గల్లీలో ఒక్కటైనా ఉన్నదా? మా గల్లీలో లేదు. పదవీ విరమణ తరువాత స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టడం, ఆగిపోయిన పింఛన్లకు అర్జీలు రాసివ్వడం వంటి పనుల మీద మేము బస్తీలలో ఇల్లిల్లూ తిరుగుతుంటాము. ఎప్పుడు ఈ మాట ఎత్తినా వినవచ్చే జవాబు ఇంచుమించు ఒకటే: "అవి మనలాంటి వాళ్ళకు కాదు సాబ్."

ఈ జవాబులో వినయం ఉన్నట్టు కనిపిస్తుంది. మా దృష్టిలో అది వినయం కాదు, హక్కును చేజేతులా వదులుకోవడం. ఓటరు జాబితాలో పేరు గల్లంతైతే కార్యాలయాల చుట్టూ తిరుగుతాము. రేషన్ కార్డులో ఒక్క అక్షరం తప్పు పడితే నెలల తరబడి వెంటపడి దిద్దించుకుంటాము. అటువంటి మనమే, ప్రజల సొమ్ముతో కట్టిన ప్రదర్శనశాల గడప తొక్కకుండానే అది మనది కాదని తీర్మానించుకుంటున్నాము. వీధి గోడల మీద ఎవరి ముఖం కనిపించాలి, ఎవరి లిపి కనిపించాలి, ఎవరి జ్ఞాపకం నిలవాలి అన్నది కూడా పౌరసత్వానికి సంబంధించిన ప్రశ్నే.

ముందు వీధితోనే మొదలుపెడదాము. వీధికి టిక్కెట్టు లేదు, గుమ్మంలో కావలివాడు లేడు.

హైదరాబాద్‌లో రాజ్‌భవన్ రోడ్డుకూ హుస్సేన్‌సాగర్‌కూ మధ్య ఇరుకుగా అల్లుకున్న ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లోను, ఆ మరుసటి సంవత్సరంలోను స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ అక్కడికి చిత్రకారులను రప్పించి, ఇళ్ళ గోడల మీద భారీ చిత్రాలు వేయించింది. ‘మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అన్న పేరు అలా వచ్చింది. ఆటో కూడా సులువుగా తిరగని సందులలో తల పైకెత్తి నడవవలసిన చోటు అది. వేసిన రంగులు పలుచోట్ల ఎండకూ వానకూ వెలిసిపోయాయి. వీధి చిత్రం స్వభావమే అంత. గ్యాలరీలో పటానికి గాజు పలక కాపలా ఉంటుంది. గోడ మీది బొమ్మకు ఎదురింటివారు బట్టలు ఆరవేసే దండెమే తోడు. పదవ తరగతి చదివే పది పన్నెండు మంది పిల్లలను మేము ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళాము. వారిలో ఒకడు చిత్రాన్ని చూడకముందే అడిగిన ప్రశ్న మాకు నచ్చింది: "గోడ వాళ్ళది కదా, వాళ్ళను అడిగే వేశారా?" ఇంటి యజమాని ఒప్పుకుంటేనే గోడ మీద కుంచె ఆనించడం ఈ పనిలో మర్యాద. ఆ మర్యాద మన బస్తీలకు అన్ని వేళలా దక్కుతున్నదా అన్న సంగతికి మళ్ళీ వస్తాము.

ఆ సంస్థను నెలకొల్పినవారిలో ఒకరి పేరు మన ఇళ్ళలో తెలియకపోవడం మాకు బాధ కలిగించే విషయం. హనీఫ్ ఖురేషీ గుజరాత్‌లో పుట్టి, బరోడాలో కళ చదివి, ఢిల్లీలో ప్రకటనల రంగంలో పనిచేశారు. ఆయన మనసు పెట్టినది మహా చిత్రకారుల మీద కాదు, దుకాణాల మీద బోర్డులు రాసే పెయింటర్ల మీద. ఫ్లెక్సీల తాకిడికి ఆ పెయింటర్ల చేతిరాత మాయమైపోతున్నదని గ్రహించి, ఊరూరా వారిని వెతికి, వారి అక్షరాలను కంప్యూటర్‌లో వాడుకోదగిన ఫాంట్లుగా మలిచారు. ‘హ్యాండ్‌పెయింటెడ్ టైప్’ అని ఆ పనికి పేరు పెట్టారు. ఏ పెయింటర్ అక్షరానికి ఆ పెయింటర్ పేరే పెట్టడం అందులోని న్యాయం. 2024 సెప్టెంబరు 22న, నలభై పైచిలుకు వయసులోనే ఆయన కన్నుమూశారు.

మన ఊళ్ళలోని బోర్డు పెయింటర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. పేరు చివర ‘ఆర్ట్స్’ అని తగిలించుకుని, నిచ్చెన మీద నిలబడి, తెలుగు ఉర్దూ ఇంగ్లీషు మూడు లిపులనూ ఒకే చేతితో రాసిన ముస్లిం పెయింటర్లు ఏ జిల్లా కేంద్రంలో లేరు? ఎన్నికల గోడరాతలు వారే రాశారు, సినిమా బ్యానర్లు వారే వేశారు, గుడి ముఖద్వారం మీద పేరూ వారే రాశారు. ఫ్లెక్సీ యంత్రం వచ్చాక వారిలో కొందరు ఆ యంత్రం దగ్గరే కూలికి కుదిరారు, కొందరు ఇళ్ళకు సున్నాలు వేస్తున్నారు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లోని ఖుష్‌నవీసుల కథా ఇటువంటిదే. 1990వ దశకంలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత కితాబత్ చేసే చేతులకు పెళ్ళిపత్రికలు తప్ప పెద్దగా పని మిగలలేదు. ఇటువంటి చేతులను కళాకారుల చేతులుగా గుర్తించి, ఢిల్లీ నడిబొడ్డుకు తీసుకువచ్చినవాడు ఖురేషీ.

ఢిల్లీలో చూడవలసినది లోధీ కాలనీ. బ్రిటిషు ప్రభుత్వం చివరి రోజులలో, 1940లలో, సర్కారీ నౌకర్ల కోసం కట్టిన క్వార్టర్లు అవి. ఎత్తైన గోడలు, వాటి మధ్య కమాను దారులు. (ఇటువంటి క్వార్టర్లలోనే జీవితం గడిపిన మాకు ఆ తడి మచ్చల గోడలు బంధువుల్లా కనిపించాయి, ఆ మాట వేరు.) 2015, 2016 ప్రాంతంలో మొదలుపెట్టి ఇప్పటికి యాభైకి పైగా గోడలను అక్కడ చిత్రాలతో నింపారు. పొద్దున్నే వెళ్తే, నీడ కదిలే కొద్దీ ఒక్కొక్క గోడ ఒక్కొక్క తీరుగా వెలిగేది చూడవచ్చు. నిజాముద్దీన్ ఔలియా దర్గాకు వెళ్ళే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి నుంచి లోధీ కాలనీ దగ్గరే. హాజరీ ఇచ్చుకుని వచ్చే దారిలో ఒక గంట చాలు.

అదే ఢిల్లీలో 2016 మే నెలలో జరిగిన మరొక సంగతి కూడా చెప్పాలి. షాహ్‌దరాలో ఒక గోడ మీద ఒక ఉర్దూ లిపికారుడు, ఒక ఫ్రెంచి కళాకారుడు కలిసి ఢిల్లీ నగరాన్ని కొనియాడే ఉర్దూ షేర్ ఒకటి రాస్తున్నారు. ప్రభుత్వ అనుమతితో జరుగుతున్న పని. ఒక గుంపు వచ్చి, ఈ లిపి ఇక్కడ పనికిరాదని గొడవ చేసి, రాసినదాన్ని చెరిపించింది. ఆ షేర్‌లో మతం లేదు, రాజకీయం లేదు. తన ఊరి మీద ఒకరి ప్రేమ ఉంది. అయినా లిపిని చూసి భయపడ్డారు.

ఈ భయానికి న్యాయస్థానం ఇచ్చిన సమాధానం 2025 ఏప్రిల్ 15న వచ్చింది. మహారాష్ట్ర అకోలా జిల్లాలోని పాతూర్ పురపాలక భవనం బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ ఉండడాన్ని సవాలు చేస్తూ ఒక మాజీ కౌన్సిలర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ కె. వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. భాష మతం కాదని, ఉర్దూ ఈ నేల మీదనే పుట్టిన భాష అని తేల్చి చెప్పింది. ఈ తీర్పు నకలు ప్రతి మస్జిద్ కమిటీ దగ్గరా, ప్రతి ఉర్దూ మీడియం పాఠశాలలోనూ ఉండాలని మా అభిప్రాయం.

మన రెండు రాష్ట్రాలలో చట్టం ఇంకొక అడుగు ముందే ఉంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. కాగితం మీద ఇంత బలం ఉన్న లిపి గోడ మీద ఎంత కనిపిస్తున్నది? నగరంలో వంతెనల స్తంభాల మీద, ఫ్లైఓవర్ల గోడల మీద ఎన్నో రంగురంగుల చిత్రాలు వేయించారు, వేయిస్తూనే ఉన్నారు. బతుకమ్మ కనిపిస్తుంది, బోనం కనిపిస్తుంది; చూసి సంతోషిస్తాము, అవి మా ఊరి పండుగలే. చార్మినార్ బొమ్మ కనిపిస్తుంది. కాని చార్మినార్ చుట్టూ నాలుగు వందల ఏళ్ళుగా రాసిన లిపి ఆ బొమ్మల పక్కన కనిపించడం అరుదు. కట్టడం కావాలి, దాన్ని కట్టినవారి అక్షరం అక్కరలేదు అన్నట్టుగా ఉంటుంది.

గోడ మీద రాయడం ఎంత పెద్ద మాటో షాహీన్‌బాగ్ మనకు నేర్పింది. 2019 డిసెంబరు 15 నుంచి 2020 మార్చి 24 వరకు ఆ రోడ్డు మీద కూర్చున్న అమ్మల చుట్టూ ఒక ప్రదర్శన దానంతట అదే పెరిగింది. నిరసనలలో ప్రాణాలు కోల్పోయినవారి పేర్లతో ఇండియా గేట్ నమూనా నిలిచింది. ఇనుముతో చేసిన భారతదేశ పటం నిలిచింది. బస్టాపు గ్రంథాలయమైంది. పక్కనే జామియా విశ్వవిద్యాలయం గోడల మీద విద్యార్థులు వేసిన బొమ్మలు చూడడానికి ఊళ్ళ నుంచి జనం వచ్చారు. లాక్‌డౌన్ రాగానే అక్కడి గుడారాలు తొలగించారు, గోడలకు తెల్లరంగు పూశారు. వ్యాధి గాలి ద్వారా వస్తుందని విన్నాము గాని, గోడ మీది బొమ్మ ద్వారా వస్తుందని ఏ వైద్యుడూ చెప్పలేదు. అక్కడ కుంచె పట్టిన పిల్లలలో కొందరికైనా చిత్రకళ జీవితమయ్యే ఉంటుంది. రంగు మీద రంగు పూసినంత మాత్రాన ఆ చేతుల విద్య పోదు.

వీధికీ గ్యాలరీకీ మధ్య గోడ లేదని చూపడానికి మక్బూల్ ఫిదా హుసేన్ కంటే మంచి సాక్షి దొరకరు. 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టి, బొంబాయి చేరి, సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్టపోసుకున్న మనిషి. 1947లో బొంబాయిలో ఏర్పడిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో సూజా, రజా వంటివారితో కలిసి నిలిచారు. ఆ బృందంలోనే ఉన్న కె.హెచ్. ఆరా మన సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టి, బొంబాయిలో కార్లు కడిగి బతికినవారు. అంటే ఈ దేశపు ఆధునిక చిత్రకళ పునాది రాళ్ళలో కొన్నింటిని మోసినది హోర్డింగ్ పెయింటరూ, కార్లు కడిగే కుర్రవాడూ. గ్యాలరీ గొప్పవారిదని భయపడే మన పిల్లలకు ఈ సంగతి చెప్పవద్దా?

హుసేన్‌కూ హైదరాబాద్‌కూ ఉన్న బంధం లోతైనది. డాక్టర్ రామ్‌మనోహర్ లోహియా సూచన మీద, హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తీ గారి ఇంట ఆయన రామాయణాన్ని సంవత్సరాల తరబడి నూటయాభై దాకా చిత్రాలుగా గీశారు. ఆ చిత్రాలను ఎడ్లబండ్ల మీద ఎక్కించి చుట్టుపక్కల గ్రామాలలో చూపించామని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నారు. నగరంలో పండితులు అడిగే ప్రశ్నలు ఆ పల్లెజనం ఎవరూ అడగలేదట. ఒక ముస్లిం చిత్రకారుడు, రామాయణం, ఎడ్లబండి, తెలంగాణ పల్లె: దీనికంటే గొప్ప వీధి ప్రదర్శన ఈ నేల మీద జరిగిందా అని మాకు సందేహం. పల్లెకు అది కొత్తగా తోచకపోవడంలోనూ వింత లేదు. చేర్యాల నకాషీలు గీసిన పటాన్ని ఊరి నడుమ విప్పి రాత్రంతా కథ చెప్పే ఆచారం ఆ పల్లెలది. నకాషీ అన్న మాట కూడా నఖ్ష్ నుంచి వచ్చినదే. పెడన, మచిలీపట్నాలలో అద్దే కలంకారీ పేరులోనూ కలం మనదే, కారీ మనదే. ఎవరి మాట ఎవరి చేతిలోకి ఎలా చేరిందో విడదీసి చూపగలిగినవారు ఎవరు?

ఆ చిత్రకారుడికి చివరకు మనం ఇచ్చినది ఏమిటి? ఇంటి మీద దాడి, ఊరూరా కేసులు. 2006లో దేశం విడిచారు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు ఆ కేసులను కొట్టివేసింది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ రాసిన ఆ తీర్పు కళాకారుడి స్వేచ్ఛ గురించి మన న్యాయస్థానాలు పలికిన మంచి మాటలలో ఒకటి. తీర్పు వచ్చినా భద్రత రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు, 2011 జూన్ 9న లండన్‌లో మరణించారు. 1954లో ఆయన గీసిన ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటీ ముప్ఫై ఏడు లక్షల డాలర్లకు పైగా పలికింది. అదే సంవత్సరం జనవరిలో ఢిల్లీలో ఆయన చిత్రాలు రెండింటిని ఒక ప్రదర్శన నుంచి స్వాధీనం చేసుకోవలసిందని న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది. ధర అక్కడ, జప్తు ఇక్కడ.

2025 నవంబరు 28న దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో ఆయన పేర ‘లౌహ్ వ కలమ్’ అనే మ్యూజియం తెరుచుకున్నది. దాని రూపాన్ని హుసేన్ స్వయంగా గీసిన బొమ్మ ఆధారంగా ఒక భారతీయ వాస్తుశిల్పి తీర్చిదిద్దారు. కడప నుంచి, నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి వెళ్ళి అక్కడ పనిచేస్తున్న మన బిడ్డలు ఎంతమందో! సెలవు రోజున గదిలో ఫోన్ పట్టుకుని పడుకునే బదులు ఒకసారి వెళ్ళి చూడండని వారికి మా విన్నపం. మీ ఊరి దగ్గర్లో ఎడ్లబండి ఎక్కిన చిత్రకారుడు ఆయన. ఇక్కడ దక్కని గోడ ఆయనకు అక్కడ దక్కింది.

ఇక అందరూ మెల్లగా అడిగే ప్రశ్న. తస్వీర్ చూడడం జాయిజేనా? ప్రాణుల రూపాలను చిత్రించడం గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, చెప్పబోము. ఎవరి తఖ్వా వారిది. అయితే రూపాలు వద్దనుకునేవారికి కూడా ప్రదర్శనశాలలో చూడవలసినది కొండంత ఉంది. కరాచీలో పుట్టి బరోడాలో పాఠాలు చెప్పిన నస్రీన్ మొహమెదీ చిత్రాలలో మనిషి లేడు, పిట్ట లేదు. సన్నని గీతలు, వాటి మధ్య ఖాళీ. తహజ్జుద్ వేళ నిశ్శబ్దం వంటిది అది. అలీగఢ్‌లో గణితం చదివిన జరీనా హష్మీ కాగితం మీద, చెక్క అచ్చులతో ఇంటి జ్ఞాపకాన్ని నిలిపారు. ఒక్కొక్క ఉర్దూ మాటను పట్టుకుని, గడప, గోడ, దూరం, సరిహద్దు వంటి భావాలను 36 అచ్చులుగా 1999లో ఆమె చేసిన వరుస ప్రపంచ ప్రసిద్ధం. దేశ విభజన తరువాత ఆమె కుటుంబం కరాచీకి తరలిపోయింది. ఆమె దేశదేశాలు తిరిగి 2020లో లండన్‌లో కన్నుమూశారు. ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందేమోనన్న దిగులుతో బతికే మన బస్తీ ఆడబిడ్డకు జరీనా అచ్చులను విడమరచి చెప్పనక్కరలేదు.

మస్జిద్ గోడ మాటకే వస్తే, ట్యునీషియాలోని గాబెస్ పట్టణంలో జారా మస్జిద్ మీనారు మీద 2012లో ఎల్ సీడ్ అనే కళాకారుడు ఇమామ్ గారి సమ్మతితో ఆయతు ఒకటి భారీ అక్షరాలతో రాశారు. మనుషులు జాతులుగా, తెగలుగా పుట్టినది ఒకరినొకరు తెలుసుకోవడానికే అన్న అర్థం వచ్చే సూరా హుజురాత్ ఆయతు అది. అదే కళాకారుడు 2016లో కైరోలో చెత్త ఏరి బతికే క్రైస్తవుల బస్తీలో, సుమారు యాభై ఇళ్ళ గోడల మీద ముక్కలు ముక్కలుగా ఒక క్రైస్తవ గురువు మాటను అరబీలో రాశారు. ఎదురుగా ఉన్న కొండ ఎక్కితేనే ఆ ముక్కలన్నీ ఒక్కటై కనిపిస్తాయి. మన హైదరాబాద్‌లోనూ ఇటువంటి సంపద తక్కువేమీ కాదు. 1590లలో కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగు పింగాణీ పలకలను చూడండి. 1908 మూసీ వరదలో కింది వరుసలు పోయాయి; మిగిలినవాటి నీలం, పసుపు నేటికీ కళ్ళు తిప్పుకోనివ్వవు. దానికి పది నిమిషాల దూరంలో నివసిస్తూ ఒక్కసారీ లోపలికి వెళ్ళనివారు మాకు వందలమంది తెలుసు.

మూసీ ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం. గంట కొట్టే గడియారం బొమ్మను చూసి, మేలిముసుగు రెబెక్కాను చూసి బయటికి వచ్చేస్తారు మనవాళ్ళు. చేతిరాత ఖురాన్ ప్రతులున్న గది దగ్గర ఆగండి. తమ చేతిరాత బాగా లేదని రోజూ తిట్లు తినే పిల్లలను అక్కడ పది నిమిషాలు నిలబెట్టండి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి. జుమా సెలవు చూసుకుని పిల్లలతో వెళ్ళి తాళం చూసి వచ్చిన తండ్రులు ఉన్నారు.

సమకాలీన కళ చూడాలంటే మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడ ఏటా శీతాకాలంలో ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతుంది. ఫోటో చూడడానికి ఎవరికీ చదువు అడ్డు రాదు గనుక, గ్యాలరీ అలవాటు లేని కుటుంబం మొదట చూడదగినది అదే. బంజారాహిల్స్‌లో 2010లో తెరుచుకున్న లామకాన్‌లో గోడల మీద ప్రదర్శన, ముంగిట్లో చాయ్, పక్కన ముషాయిరా ఒకేచోట దొరుకుతాయి. అక్కడ బుర్ఖా వేసుకున్న అమ్మాయి పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు. మిగిలిన ప్రైవేటు గ్యాలరీల గురించి ఒక మాట: చాలావాటికి ప్రవేశ రుసుము ఉండదు, కొనాలన్న నిబంధన అసలే ఉండదు. గాజు తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళడానికి కావలసినది గుండె ధైర్యం మాత్రమే. ఒకచోట మా వెంట వచ్చిన పిల్లల టోపీలు చూసి కావలివాడు "ఎవరు కావాలి?" అని అడిగాడు. బొమ్మలు కావాలని ఒక పిల్లవాడే జవాబిచ్చాడు. లోపల ఉన్న అమ్మాయి నవ్వుతూ వచ్చి, గంటసేపు మాకు అన్నీ చూపించింది. కావలివాడికి ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

దూర ప్రయాణానికి వీలున్నవారికి రెండు చోట్లు చెబుతాము. ఢిల్లీ సాకేత్‌లో ఒక మాల్ లోపలే ఉంది కిరణ్ నాడార్ మ్యూజియం. మాల్ సరదా, కళ రెండూ తీరుతాయి, లోపలికి డబ్బు కట్టనక్కరలేదు. 2025లో అక్కడ గులాం మొహమ్మద్ షేక్ జీవితకాల కృషిని ప్రదర్శించారు. బరోడా మత కలహాలను చూసి 1980లలో ఆయన గీసిన ‘సిటీ ఫర్ సేల్’ గురించి పిల్లలకు తప్పక చెప్పండి. ఊరు ఒకవైపు తగలబడుతుంటే నడిమధ్యన థియేటర్‌లో ‘సిల్‌సిలా’ సినిమా ఆడుతూ ఉంటుంది అందులో. కలహం చూసినవారికి తెలుసు, అది సరిగ్గా అలాగే ఉంటుంది. పక్క వీధిలో కూరగాయల బేరం ఆగదు.

రెండవది కొచ్చి. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే ఆరవ విడతను 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 వరకు ఏర్పాటు చేశారు. ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరిలలోని పాత మిరియాల గోదాములలో, సముద్రపు గాలిలో ప్రపంచ దేశాల కళ కనిపిస్తుంది. మట్టాంచేరి సందులలో మస్జిద్, యూదుల ప్రార్థనాలయం, జైన మందిరం, కొంకణీల గుడి నడిచే దూరంలోనే ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతిల మీదుగా పోయే శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళంలో దింపుతుంది. బయటి గోడల మీద స్థానిక కుర్రాళ్ళు వేసిన బొమ్మలు మాకు లోపలి వాటికంటే కొన్నిచోట్ల ఎక్కువ నచ్చాయి.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన మాట. మన బస్తీలను బొమ్మలుగా వేసేవారు మనలను ఎలా వేస్తున్నారు? పాతబస్తీ అనగానే ఒక ముసలి గడ్డం, ఒక చాయ్ కప్పు, నకాబ్ వెనుక రెండు కళ్ళు. డాక్టరు కోటు తొడిగిన ముస్లిం అమ్మాయిని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మౌల్వీ గారి కుమారుణ్ణి, ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవర్ భాయ్‌ని ఆ గోడల మీద మేము చూడలేదు. వేసేవారిలో దురుద్దేశం ఉందని అనము. వారికి మన ఇంటి లోపల తెలియదు; తెలిసినవారు కుంచె పట్టలేదు. మన ఆడపిల్లల చేతులలో మెహందీ గీతలు చూడండి: కొలబద్ద లేకుండా అంత సమాన రేఖ గీసే చేతిని మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం దాకా పంపుతున్నామా? ఇంటర్ కాగానే బీకామ్, లేదంటే పెళ్ళి. "బొమ్మలు వేసి ఏం బతుకుతావు?" అంటారు. యానిమేషన్‌లో, పుస్తకాల ముద్రణలో, వస్త్రాల డిజైన్‌లో ఆ చేతికి పని దొరుకుతుందని తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు. మైనారిటీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కోర్సులకూ అడగవచ్చునని చాలామందికి తెలియదు. దరఖాస్తు నింపడంలో సాయం కావాలంటే మా వంటివారు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉంటారు.

మా ప్రాంతంలో ఒక బడి ప్రహరీ గోడ మీద, ఒక వంతెన కింద పురపాలక నిధులతో చిత్రాలు వేయించారు. బడి ఉర్దూ మీడియం. చిత్రాల మీద ఒక్క ఉర్దూ అక్షరం లేదు. బస్తీ పెద్దలను ఎవరూ అడగలేదు, గోడ వెనుక చదివే పిల్లలనూ అడగలేదు. మక్తాలో మా పిల్లవాడు వేసిన ప్రశ్ననే మేము కాగితం మీద పెట్టి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకున్నాము. ఈ చిత్రాలకు ఎంత ఖర్చయింది, అంశాలను ఎవరు నిర్ణయించారు, చిత్రకారులను ఏ పద్ధతిలో ఎంపిక చేశారు, స్థానిక పెయింటర్లకు అవకాశం ఇచ్చారా, రెండవ అధికార భాష విషయంలో ఏ సూచనలు పాటించారు అని అడిగాము. ముప్ఫై రోజులు దాటాయి, జవాబు లేదు. దస్త్రాలతో జీవితం గడిపినవారికి ఆ మౌనం కొత్త కాదు. మొదటి అప్పీలుకు మరో ముప్ఫై రోజుల గడువు ఉంటుంది. కాగితం సిద్ధమైంది, ఈ వారంలో అందజేస్తున్నాము. ఇదే ప్రశ్నలతో తమ పట్టణంలో అర్జీ పెట్టదలచినవారు ఈ పత్రిక కార్యాలయానికి రాస్తే నకలు పంపుతాము.